లూనా లెక్క ట్రిమ్మర్‌కి పనికిరాదు

బాబూ, నీ ప్రశ్న అందేసరికి నేను పర్లాకిమిడిలోనే ఉన్నాను. గుణుపురం వాడివని, ఒహాయోలో ఇల్లు అద్దెకి తీసుకుని మూడు నెలలైందని, గడ్డి బాధ్యత నీదేనని ఓనరు చెబితే గడ్డి కోసే పెట్రోలు ట్రిమ్మర్ కొన్నావని రాశావు. "కొత్త ఇంజన్ కదా, మొదట్లో ఆయిల్ కాస్త ఎక్కువే పొయ్యమంటున్నారు నాన్నగారు, పొయ్యనా?" అని అడిగావు.

వద్దు. అది లూనా మోపెడ్ల కాలం లెక్క. మా ఇంట్లోనూ ఉండేది ఒకటి. లీటరు పెట్రోలుకి 40 మి.లీ. టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ నూనె) కలిపించి, వీధంతా పొగ కమ్మితే బండి ఆరోగ్యంగా ఉందని మురిసేవాళ్ళం. ఇప్పటి ట్రిమ్మర్లు చాలావాటికి 50కి 1 చాలు, 50 పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు నూనె. అంటే లీటరుకి 20 మి.లీ., అక్కడి గ్యాలనుకి 2.6 ఔన్సులు. కొన్నింటికి 40కి 1 ఉంటుంది, కాబట్టి దాంతో వచ్చిన పుస్తకం చూసుకో. అసలు ఇంజనుకి ఆయిల్ మూత విడిగా ఉందేమో ముందది చూడు. ఉంటే అది ఫోర్ స్ట్రోక్, నూనె విడిగా పోసుకునే రకం, పెట్రోల్లో చుక్క కూడా కలపకూడదు.

నూనె ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది, సైలెన్సర్ జాలీ పూడుకుపోతుంది. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిదేమిటంటే, నూనె పెరిగినంత మేర లోపలికి వెళ్ళే పెట్రోలు తగ్గుతుంది. గాలి పాలు ఎక్కువై ఇంజన్ మరింత వేడెక్కుతుంది. చల్లగా ఉంచుదామని పోసిందే కాల్చిపెడుతుంది.

మన లారీల వెనక "రన్నింగ్ ఇన్" అని రాసుకుని తిప్పేవారు, గుర్తుందా? దీనికీ అంతే, మొదటి రెండు మూడు ట్యాంకులు ఓపిక పట్టాలి. గడ్డి తగలకుండా గాల్లో ఎత్తి పట్టుకుని ఫుల్ రేజ్ ఇవ్వకు. గడ్డి కోసే నైలాన్ తీగకి అడ్డు లేకపోతే స్పీడు హద్దు దాటుతుంది, పిస్టన్ రింగులింకా సిలిండర్‌కి సర్దుకోలేదాయె. అలాగని పక్కన పెట్టి రేజ్ ఇవ్వకుండా అరగంట ఐడ్లింగులో వదిలేయకు. గడ్డి కోస్తూనే రేజ్ పెంచుతూ తగ్గిస్తూ ఉండు, మధ్యలో చల్లారనీ.

నిన్న మా బావగారి జీడితోటకి వెళ్ళాను. ఇక్కడ ఒడియాలో ట్రిమ్మర్‌ని ఘాసొ కటా మెషిన్ అంటారు. కుర్రాడు సీసా మూతతో ఉజ్జాయింపుగా నూనె పోసి, తీగ కవర్ ఊడదీసి పని కానిచ్చేస్తున్నాడు. చెబుదామని నోరు తెరిచి ఊరుకున్నాను, ఎందుకంటే నా మొదటి ట్రిమ్మర్ కథా అదే. కవర్‌కున్న చిన్న బ్లేడు తీగని కొలతకి కోస్తుంటుంది. అడ్డంగా ఉందని కవర్ పీకేశాను. తీగ కొరడాలా సాగి, ఇంజన్ మూలిగి మూలిగి రెండో వేసవికే పట్టేసింది. ఎగిరొచ్చిన గులకరాయి దెబ్బ మోకాలి మీద ఇప్పటికీ ఉంది. కళ్ళకి రక్షణ అద్దాలు మాత్రం మరిచిపోకు.

అక్కడి బంకులో 88 (ఆక్టేన్ అంకె) అని రాసిన పెట్రోలు చవగ్గా కనిపిస్తుంది. అందులో 15 శాతం ఇథనాల్ ఉంటుంది, ఈ చిన్న ఇంజన్లకి పనికిరాదు. 10 శాతం దాకానే. కలిపిన పెట్రోలు నెల దాటితే వాడకు, అందుకే చిన్న క్యాను కొని, కలిపిన తేదీ దాని మీదే రాసుకో. మంచు పడకముందే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పక్కన పెట్టు. లేకపోతే వసంతంలో తాడు లాగి లాగి నీ భుజం ఊడిపోతుంది.

శనివారం గుణుపురంలో నాకు పనుంది, రైలెక్కుతాను. ఆ 40 మి.లీ. సంగతి మీ నాన్నగారితో నేనే మాట్లాడతాను.