ఏఎమ్‌రెక్సా, డీల్-టూనా అన్నది తర్వాత, ముందు వన్-డీ కోడ్ ఒకటి రాయి

ప్రశ్న: మెకానికల్ ఫైనల్ ఇయర్ సార్. సీఎఫ్‌డీ (గాలి, నీళ్ల లాంటి ప్రవాహాల్ని కంప్యూటర్‌లో లెక్కించడం) ఇష్టం, సి++ పర్లేదు. అడాప్టివ్ మెష్ రిఫైన్‌మెంట్ (ఏఎంఆర్, అంటే అవసరమైన చోట మాత్రమే గ్రిడ్‌ని సన్నగా చెయ్యడం) నేర్చుకోవాలనుంది. ఏఎమ్‌రెక్స్, పీ-ఫారెస్ట్, డీల్-టూ అని దీనికి చాలా లైబ్రరీలు ఉన్నాయి, ఏది పట్టుకోవాలి? ఇంట్లోనేమో ఇవన్నీ ఎందుకు, ఏఐ చెయ్యమంటున్నారు.

జవాబు: జాబ్ సంగతి ముందే చెప్పేస్తా తమ్ముడూ, ఇంట్లో గోల దాని గురించే కదా. ఏఎంఆర్ అని పేరు పెట్టి పిలిచే పోస్టులు తక్కువే, అవీ ఎక్కువగా రీసెర్చ్ ల్యాబుల్లో, యూనివర్సిటీల్లో ఉంటాయి, చాలావాటికి పీహెచ్‌డీ కావాలి. కానీ ఇది నేర్చుకునే దారిలో సి++, ఎంపీఐ (చాలా ప్రాసెసర్లు ఒకదానికొకటి డేటా పంపుకునే పద్ధతి), జీపీయూ ప్రోగ్రామింగ్ ఎలాగూ వచ్చేస్తాయి, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలైనా జీపీయూ టీములైనా చూసేది వాటినే. ఏఐ వైపు మళ్లినా ఆ జీపీయూ పని ఎక్కడికీ పోదు, ఇంట్లో ఆ మాట చెప్పు.

అసలు ఈ టెక్నిక్ ఎందుకొచ్చిందో లెక్కేసుకో. ఒక్కో వైపు 1024 సెల్స్ (చిన్న గడులు) ఉన్న త్రీ-డీ గ్రిడ్ అంటే దాదాపు 107 కోట్ల సెల్స్, డబుల్ ప్రెసిషన్‌లో ఒక్క వేరియబుల్‌కే 8 జీబీ పైన. రిజల్యూషన్ డబుల్ చేస్తే సెల్స్ 8 రెట్లు, టైమ్ స్టెప్ కూడా సగం చెయ్యాల్సొస్తే పని 16 రెట్లు. అంతా చేసి చూస్తే షాక్ (ప్రెషర్ ఒక్కసారిగా మారిపోయే చోటు) ఉన్నది సన్నటి గీతంత చోట, మిగతా గ్రిడ్ అంతా దండగ. అక్కడ మాత్రమే సెల్స్ చిన్నవి చేద్దామన్న ఐడియాని 1984లో బెర్గర్, ఓలిగర్ పేపర్‌గా రాశారు, ఏఎమ్‌రెక్స్ లాంటి ఫ్రేమ్‌వర్కులు ఆ పునాది మీద కట్టినవే.

ఇక ఏది అంటే, నీ ప్రాబ్లమే చెప్తుంది. ఫైనైట్ వాల్యూమ్ (ఒక్కో సెల్‌లోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని లెక్కేసే పద్ధతి), కంబషన్, ప్లాస్మా లాంటివైతే ఏఎమ్‌రెక్స్, దాని మీద కట్టిన వార్ప్‌ఎక్స్ కోడ్‌కి 2022లో సూపర్‌కంప్యూటింగ్‌లో పెద్ద అవార్డయిన గోర్డన్ బెల్ ప్రైజ్ వచ్చింది. ఫైనైట్ ఎలిమెంట్ (ఒక్కో ముక్క మీద సింపుల్ ఫంక్షన్లతో సమాధానం కట్టే పద్ధతి) అయితే డీల్-టూ, దాని ట్యుటోరియల్స్‌లో స్టెప్-6 నుంచే అడాప్టివ్ మెష్ మొదలవుతుంది. పీ-ఫారెస్ట్‌తో నేరుగా మొదలెట్టకు, అది సెల్స్‌ని చెట్టులా చీల్చి ప్రాసెసర్లకి పంచుతుంది అంతే, ఫిజిక్స్ సాల్వర్ దాన్లో ఉండదు, డీల్-టూ మెష్‌ని చాలా ప్రాసెసర్లకి పంచాల్సొస్తే ఆ పని దాని చేతే చేయించుకుంటుంది.

కానీ ఇవేవీ ఇన్‌స్టాల్ చెయ్యకముందు ఒక పని చెయ్యి. పీరియాడిక్ బౌండరీతో (ఒక చివర బయటికెళ్లింది రెండో చివర లోపలికొస్తుంది) వన్-డీ అడ్వెక్షన్ కోడ్ (ఒక పదార్థం ప్రవాహంతో పాటు కదలడం లెక్కేసేది) రాయి, మధ్యలో కొంత భాగానికి రెట్టింపు సన్నటి గ్రిడ్ పెట్టు, పెద్ద గ్రిడ్ ఒక స్టెప్ వేసేలోపు చిన్నది రెండు వెయ్యాలి, ప్రతి స్టెప్‌కీ మొత్తం మాస్ ప్రింట్ చెయ్యి. అది మారకూడదు కదా, మారుతుంది! ఎందుకంటే అంచు దగ్గర పెద్ద సెల్ లెక్కేసిన ఫ్లక్స్ (అంచు దాటి పోయే మొత్తం) వేరు, చిన్న సెల్ రెండు స్టెప్పుల్లో లెక్కేసింది వేరు. పెద్ద సెల్‌లో దాని ఫ్లక్స్ తీసేసి చిన్నదాని మొత్తం పెట్టు, దీన్నే రీఫ్లక్సింగ్ అంటారు, అప్పుడు తేడా రౌండ్-ఆఫ్ స్థాయికి (కంప్యూటర్ దశాంశాల్లో చేసే అతి చిన్న పొరపాటంత) పడిపోతుంది. ఫ్రేమ్‌వర్క్ ఇదంతా లోపల చేసేస్తుంది, చేత్తో ఒక్కసారి చెయ్యకపోతే ఇంటర్వ్యూలో ఘోస్ట్ సెల్స్ (గ్రిడ్ అంచు బయట పక్క విలువలతో నింపే అదనపు సెల్స్) ఎందుకు అని అడిగితే నోరు పెగలదు.

దీనికి లాప్‌టాప్ చాలు. రీఫ్లక్సింగ్‌కి ముందు, తర్వాత వచ్చిన రెండు మాస్ ప్లాట్లు పక్కపక్కన పెట్టి గిట్‌హబ్‌లో వేసెయ్, ఆ తర్వాత ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టేముందు వాళ్ల గ్రూప్ ఏ కోడ్ వాడుతుందో వాళ్ల పేపర్లలో చూసి దాన్నే పట్టుకో.