డాక్టర్ సలహా: పాప ఏడిస్తే పాలు చాలనట్టేనా?

ప్రశ్న: మేం చెన్నై వేలచ్చేరిలో ఉంటాం. నా భార్యకు తొలికాన్పు, సిజేరియన్ అయింది. పాపకు 18 రోజులు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, నాలుగో రోజు 2.7, ఇవాళ 3.05 ఉంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఒకటే ఏడుపు. పాలు చాలడం లేదేమోనని వారం నుంచి రోజుకు రెండుసార్లు, 30 మి.లీ. చొప్పున డబ్బాపాలు పడుతున్నాం. పాప తాగాక పంపుతో తీస్తే సీసా అడుగు కూడా నిండడం లేదు. నెల్లూరు నుంచి వచ్చిన మా అత్తగారు పథ్యమని నీళ్లు ఎక్కువ తాగనివ్వరు. పాలసొర చేప వండిపెడితే పాలు పడతాయంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు బరువులు రాసి మంచి పని చేశారు, సగం జవాబు అందులోనే ఉంది. పుట్టిన మొదటి రోజుల్లో ఏడు శాతం దాకా బరువు తగ్గడం మామూలే. నాలుగో రోజు నుంచి చూస్తే 14 రోజుల్లో 350 గ్రాములు పెరిగింది, అంటే రోజుకు 25 గ్రాములు. ఈ వయసులో 20 నుంచి 30 గ్రాములు పెరిగితే చాలు.

అదంతా డబ్బాపాల చలవేమో అంటారా? మూడు కిలోల పాపకు రోజుకు దాదాపు 450 మి.లీ. పాలు కావాలి. మీరు పట్టేది 60. మిగతావి ఎక్కడివి? మీ ఆవిడవే.

ఏడుపును బట్టి, పంపును బట్టి పాలు కొలవకండి. సాయంత్రం పూట పసిపిల్లలు గంటకోసారి, అరగంటకోసారి రొమ్ము వెతుక్కోవడం మొదటి వారాల్లో చాలా ఇళ్లలో చూసేదే. పాప తాగేశాక పంపు పెడితే ఏం మిగులుతుంది? పైగా పాప చప్పరించినట్టు ఏ మిషనూ లాగలేదు. మీరు చూడాల్సింది డైపర్లు. 24 గంటల్లో ఆరు, అంతకు మించి బాగా తడుస్తున్నాయా, మూత్రం లేత రంగులో ఉందా, అంతే.

డబ్బాపాలతో చిక్కేమిటంటే, రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత తయారుచేస్తుంది. సీసా పట్టిన పూట పాప రొమ్ము తాగదు, ఆ పూట పాలు అలాగే ఉండిపోతాయి, మర్నాడు ఇంకొంచెం తక్కువ ఊరతాయి. అప్పుడు నిజంగానే చాలవు! కాబట్టి ముందు ఒక పూట మానేయండి, రెండు మూడు రోజులు డైపర్లు చూసి రెండోదీ ఆపండి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు రొమ్ము ఇవ్వాలి. రాత్రి పాలు మాన్పించకండి, పాలు ఊరించే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిళ్లే ఎక్కువ.

పాప పట్టు కూడా ఒకసారి గమనించండి. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే పాలు రావు, మొన చీరుకుపోయి తల్లికి ప్రాణం పోతుంది. నోరు పెద్దగా తెరిచాక, మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు లోపలికి వెళ్లాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. కుట్ల నొప్పి ఉంటే పక్కకు తిరిగి పడుకుని ఇవ్వచ్చు, లేదా పాప కాళ్లు వెనక్కి ఉండేలా చంకలో పెట్టుకుని పట్టచ్చు. రెండో పద్ధతిలో పొట్ట మీద బరువు పడదు. నొప్పి తగ్గకపోతే కాన్పు అయిన ఆసుపత్రిలోనే నర్సును పక్కన కూర్చుని చూడమనండి.

ఇక అత్తగారి సంగతి. ఆవిడ ప్రేమను తప్పుపట్టను, నీళ్ల పథ్యాన్ని మాత్రం ఒప్పుకోను. దాహం వేసినన్ని నీళ్లు తాగనివ్వండి, పప్పు, కూరలు, పాలు, గుడ్డు అన్నీ పెట్టండి. పాలసొర నెల్లూరులోనూ, ఇక్కడ చెన్నైలో సొర పుట్టు అనే పొడి కూరగానూ బాలింతలకు పెడతారని నాకు తెలుసు, రుచీ తెలుసు. కానీ సొర పెద్ద చేప, దానిలో పాదరసం పేరుకుని ఉంటుంది, అది పాల ద్వారా పాపకూ చేరుతుంది. నెత్తళ్లు, కవళ్లు వండమనండి, ఆవిడ చేతి పులుసు ఎలాగూ బాగుంటుంది.

మీ పని మీకుంది. పాలు చేపుకు రావాలంటే తల్లి మనసు కుదుటగా ఉండాలి. గదమాయిస్తే ఆవు కూడా చేపదని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. చూడ్డానికి వచ్చినవాళ్లు "పాలు పడ్డాయా?" అని అడక్కముందే మాట మార్చేయండి. త్రేన్పు తెప్పించడం, డైపర్ మార్చడం, రాత్రి పాపను ఎత్తి అందించడం మీవి. తేనె, గ్రైప్ వాటర్, నీళ్లు ఆరు నెలల లోపు వద్దు. తేనె అయితే ఏడాది దాకా వద్దు. విటమిన్ డి చుక్కలు మాత్రం రోజూ వేయాలి, డోసు మీ పిల్లల డాక్టర్ చెబుతారు.

తడిసే డైపర్లు ఆరు కంటే తగ్గినా, పాప లేపినా లేవకుండా మగతగా ఉన్నా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తల్లికి రొమ్ము ఎర్రగా గట్టిపడి జ్వరం వస్తే డాక్టర్‌కు చూపించాలి, పాలివ్వడం మాత్రం ఆపక్కర్లేదు. రెండు వారాలు దాటినా ఆవిడ ఊరికే ఏడుస్తున్నా, దేనిమీదా మనసు లేదన్నా బాలింతలు అంతేలే అని వదిలేయకుండా అదీ డాక్టర్‌కు చెప్పండి.

డబ్బాపాలు పూర్తిగా ఆపిన నాలుగైదు రోజులకు పాప బరువు చూపించండి, ఇవాళ చూసిన మిషన్ మీదే.