హార్డ్‌వేరా, ప్రోగ్రామింగా: ఏది ముందు?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లోని ఒక ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడు చదువుతున్నాను. హార్డ్‌వేర్‌కు రోజులు పోయాయని, అది మానేసి అమీర్‌పేటలో ప్రోగ్రామింగ్ కోర్సులో చేరమని బంధువులు అంటున్నారు. మా సార్ ముందు ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకోమంటారు. దేనితో మొదలుపెట్టాలి? ఇంట్లో కంప్యూటర్ లేదు.
– ఒక విద్యార్థి, ముషీరాబాద్

జవాబు: మీ ట్రేడును మానుకోవద్దు. హార్డ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రామింగ్ అనేవి సిలబస్‌లో వేర్వేరు సబ్జెక్టులే గానీ, రిపేరుకు వచ్చిన కంప్యూటర్‌లో వాటిని విడదీసి చూడడం కుదరదు.

రిపేరు షాపుల్లో తరచుగా ఎదురయ్యే ఒక సమస్యనే తీసుకోండి. పాత కంప్యూటర్ నెమ్మదించిందని ఒకరు 8 జీబీ ర్యామ్ (మెమరీ) వేయించుకుంటారు. ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే బయాస్‌లో 8 జీబీ సరిగానే కనబడుతుంది. విండోస్ మాత్రం వాడుకోదగినది 3 జీబీ పైచిలుకేనని చూపిస్తుంది. హార్డ్‌వేర్ ఒక్కటే తెలిసినవారు ర్యామ్ చెడిందని మారుస్తారు, మార్చినా అంతే ఉంటుంది. అందులో ఉన్నది 32 బిట్ల విండోస్ కావడమే అసలు కారణం. మెమరీలో ఒక్కో చోటును గుర్తించడానికి 32 బిట్లతో ఏర్పడే చిరునామాలు సుమారు 429 కోట్లు; చిరునామాకు ఒక బైటు చొప్పున లెక్కిస్తే అది 4 జీబీ. గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలకు కూడా ఆ హద్దులోనే చిరునామాలు కేటాయించాలి కనుక, ర్యామ్‌కు మిగిలేది ఇంకా తగ్గుతుంది. ప్రాసెసర్ 64 బిట్లదైతే 64 బిట్ల విండోస్ వేసి సమస్యను తీర్చవచ్చు. అయితే ఒకదాని మీదనే మరొకటి అప్‌గ్రేడ్ చేయడం కుదరదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి కాబట్టి ముందుగా డేటాను బ్యాకప్ తీసి తీరాలి. ర్యామ్ బిగించడం హార్డ్‌వేర్ పని, హద్దు విధించింది ఆపరేటింగ్ సిస్టమ్, ఆ హద్దు ఎక్కడిదో తెలిపే లెక్క ప్రోగ్రామింగ్ మొదటి పాఠాల్లోనిది.

ఇక కంప్యూటర్ సంగతి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే చోట, వాడిన డెస్క్‌టాప్‌లు దొరుకుతాయి. ల్యాప్‌టాప్ కంటే డెస్క్‌టాప్ మేలు, విప్పి బిగించడానికి అదే అనువు. 64 బిట్ల ప్రాసెసర్ ఉన్నది చూసి, మీ ఎదుటే ఆన్ చేయించి, కాసేపు నడిచాకే డబ్బు ఇవ్వండి. భాగాలను ముట్టుకునే ముందు ప్లగ్ తీసి, క్యాబినెట్ లోహాన్ని తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోండి. భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం తెరవనే కూడదు. కరెంటు తీసేసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జి నిలిచి ఉండవచ్చు. ఈ ఒక్క విషయంలో మీ వయసు పిల్లల తొందరపాటు నన్ను నిజంగా భయపెడుతుంది.

కొన్న డెస్క్‌టాప్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన దీని కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగాన్ని, ఉచితంగా వాడుకోవచ్చు, సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు. తరువాత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక లిస్టుకు ఆగకుండా అంశాలను చేర్చుకుంటూ పోయే నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసి, అది నడుస్తుండగా మరో టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే విండోలో) ఖాళీ మెమరీని చూపే ‘ఫ్రీ’ కమాండ్ ఇచ్చి చూడండి. ఖాళీ మెమరీ తరిగిపోవడం, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ భాగం) ఏర్పాటు చేసి ఉంటే డిస్క్ వాడకం మొదలై కంప్యూటర్ మొరాయించడం, చివరకు కెర్నల్ ఆ ప్రోగ్రామ్‌ను తానే ఆపేయడం మీ కళ్లతో చూస్తారు. యంత్రం స్తంభించిపోయే అవకాశం ఉంది కనుక, ముఖ్యమైన ఫైళ్లున్న కంప్యూటర్‌లో ఈ ప్రయోగం చేయకండి. స్తోమతు ఉంటే ఇంకొక ర్యామ్ కార్డు బిగించి, అదే ప్రోగ్రామ్‌ను మళ్లీ నడిపి తేడా గమనించండి.

పైథాన్‌లో చేయి తిరిగాక సి భాషకు రండి. 1970ల ఆరంభంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించిన ఈ భాషలోకి 1973లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌ను తిరిగి రాయడం వల్లనే, దానిని ఒక రకం యంత్రం నుంచి మరో రకానికి తరలించడం సులువైంది. లినక్స్ కెర్నల్ అధికభాగం నేటికీ సి భాషలోనే ఉంది. సి భాషలో మెమరీ చిరునామాలను దాచుకునే పాయింటర్లు కష్టమని చాలామంది అక్కడే వదిలేస్తారు. పైన చెప్పిన చిరునామాల లెక్క అర్థమైన మీకు అవి అంత కొరుకుడు పడనివి కావు.

అమీర్‌పేట కోర్సు చెడ్డదని నేను అనను. ఐటీఐ పూర్తయి, చిన్న ప్రోగ్రామ్‌ను సొంతంగా రాసి, అందులోని తప్పును సొంతంగా పట్టుకోగలిగిన తరువాత చేరండి. చేరే ముందు డెమో క్లాసుకు వెళ్లి, విద్యార్థి తానే కోడ్ రాసే ల్యాబ్ సమయం రోజుకు ఎంత ఉంటుందో అడగండి.