టీనేజ్ నవలకి ఒక కోపం, రోజుకి రెండు పేజీలు

ఇంటర్ వయసు పిల్లల కోసం నవల రాయాలనుంది, స్ఫూర్తి ఎక్కడ దొరుకుతుంది, రోజుకెంత రాయాలి అని అడిగారు. రెండింటికీ అమెరికన్ రచయిత్రి ఎస్.ఇ. హింటన్‌నే చూపిస్తాను.

1960లలో అమెరికాలోని టల్సా ఊరు. ఆమె చదివే హైస్కూల్లో డబ్బున్న పిల్లలది ఒక జట్టు. తలకి నూనె పట్టించి జుట్టు పెంచుకునే పేద పిల్లలు 'గ్రీజర్లు', వాళ్లది ఇంకో జట్టు. ఆమె స్నేహితుడొకడు సినిమా చూసి నడిచి ఇంటికొస్తుంటే, గ్రీజర్ అన్న ఒక్క కారణానికి పట్టుకుని కొట్టారు. ఆ కోపంతో 15 ఏళ్లకి మొదలుపెట్టింది, 16 ఏళ్లప్పుడు ఎక్కువ భాగం రాసేసింది. అదే 1967లో వచ్చిన 'ది అవుట్‌సైడర్స్'. అది రాసిన ఏడాదే క్రియేటివ్ రైటింగ్‌లో ఆమెకి డి గ్రేడ్ వచ్చింది.

అయితే దెబ్బలు తినడం ఒక్కటే రాస్తే రెండు పేజీలకి కథ అయిపోతుంది. నవలలో ఆమె ఏం చేసిందో గమనించండి. కథ చెప్పే కుర్రాడికి 14 ఏళ్లు. అమ్మానాన్నా కారు ప్రమాదంలో పోయారు. 20 ఏళ్ల పెద్దన్న పనికెళ్లి ఇల్లు నడుపుతుంటాడు. ఎవరైనా పోలీసు గొడవలో ఇరుక్కుంటే తమ్ముళ్లిద్దర్నీ అనాథ పిల్లల హాస్టల్‌కి పంపేస్తారు. ఇక ప్రతి కొట్లాటకీ ఒక ధర ఉన్నట్టే. కొత్తగా రాసేవాళ్లు కోపాన్ని తెస్తారు, ఈ ధర కట్టడం మర్చిపోతారు. అందుకే 30వ పేజీకి కథ ఆగిపోతుంది.

మన దగ్గర ఇందుకు కావలసిన చోటు రెసిడెన్షియల్ కాలేజీ. అమ్మానాన్నా పక్కన ఉండరు, ఫోను ఉండదు, స్టడీ అవర్లు, వార్డెను, ఔటింగ్ పాసు. గోడ దూకిన కుర్రాడు దొరికిపోతే ఏం పోతుందో మొదటి పది పేజీల్లో పాఠకుడికి తెలియాలి. ఫీజు కోసం నాన్న అరెకరం అమ్మాడనుకోండి, గోడ ఎత్తు ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఇంత సరుకు ఉండి కూడా మనవాళ్లు పిల్లల పుస్తకమంటే నీతికథే అనుకోవడం బాధగా ఉంటుంది. పదేళ్ల వాళ్లకి కథలున్నాయి, పెద్దవాళ్లకి నవలలున్నాయి, మధ్యలో పదహారేళ్ల పిల్లకి ఏమిస్తున్నాం? ఆఖరి అధ్యాయంలో మాస్టారి చేత ఉపన్యాసం ఇప్పించకండి. ఆ వయసు వాళ్లు దాన్ని మూడో వాక్యంలోనే కనిపెట్టి పుస్తకం మూసేస్తారు.

ఇక రాసే పని. హింటన్ మొదటి ప్రతి వరసలు దగ్గరగా టైపు చేసిన 40 పేజీలే, అంటే సుమారు 20 వేల పదాలు. తర్వాత వెనక్కి వెళ్లి వివరాలు నింపింది. అచ్చయిన పుస్తకం దాదాపు 48 వేలు. మీరూ కథని ముందు పొట్టిగా చివరిదాకా లాగేయండి. నింపేటప్పుడు ప్రతి సన్నివేశంలో మూడు చూసుకోండి: ఏం తిన్నారు, డబ్బెక్కడిది, ఒంటికి ఏం జరిగింది. హింటన్ నవలలో పారిపోయిన ఇద్దరు కుర్రాళ్లు పాడుబడ్డ చర్చిలో దాక్కున్నప్పుడు, ఒకడు వారానికి సరిపడా బ్రెడ్డూ మాంసం ముక్కలూ, వాటితోపాటు జుట్టు రంగు మార్చే పెరాక్సైడ్ సీసా కొనుక్కొస్తాడు. గుర్తుపట్టకుండా కత్తితో జుట్టు కోసుకుని రంగు మార్చుకోవాలి. గ్రీజర్‌కి ఉన్న ఒకే ఒక్క గొప్ప ఆ జుట్టు. వాడి ఏడుపు గురించి వ్యాఖ్యానం అక్కర్లేదు, ఆ సీసా చాలు.

పుస్తకం గెలిచాక ఆమె కొన్నేళ్లు ఏమీ రాయలేకపోయింది. రోజుకి రెండు పేజీలు రాస్తేనే సాయంత్రం బయటికి తీసుకెళ్తానని అప్పటి బాయ్‌ఫ్రెండ్ షరతు పెట్టాడు, తర్వాత అతన్నే పెళ్లి చేసుకుంది. అలా రెండో నవల 1971లో వచ్చింది. నిన్నటి పేజీలు దిద్దుతూ కూర్చుంటే ఇవాళ్టి రెండూ రావు. చివరి పేరా ఒక్కటి చదువుకుని ముందుకు నడవండి.

నవలంటే 50 వేల పదాలన్న ఇంగ్లీషు వాళ్ల లెక్క మాత్రం తెలుగుకి పెట్టుకోకండి. 'వెళ్లిపోదామనుకుంటున్నానని' మనకి ఒకే పదం, వాళ్లకి ఆరేడు. సన్నివేశాలు లెక్కపెట్టండి, 40 నుంచి 50 ఉంటే నవల నిలబడుతుంది. మాటల్లో 'మెస్సు', 'ఔటింగు' లాంటివి ఉంచండి, ఈ నెల రీల్స్‌లో తిరిగే ఊతపదాలు తీసేయండి. అచ్చయ్యేసరికి అవి పాతబడతాయి.

పూర్తయ్యాక పదిహేనేళ్ల పిల్లలు ముగ్గురికి ఇవ్వండి. ఎలా ఉందని అడిగితే మర్యాదకి బాగుందంటారు. చదువుతూ ఎక్కడ ఫోను చేతిలోకి తీసుకున్నారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమనండి. ముగ్గురి గీతలూ ఒకే పేజీలో పడితే ఆ పేజీ తీసేయండి.