ముట్లు ఆగాక కింద పొడిబారడం, మంట: రెండేళ్ళు "యూరిన్ మంట" అని చెప్పి నేను చేసిన తప్పు

మీరు రాసింది చదువుతుంటే నా సంగతే ఎవరో రాసినట్టుందండీ. 49 ఏళ్ళు, ముట్లాగి రెండేళ్ళు, కింద పొడిబారి మంట, రెండు నెలలకోసారి యూరిన్ ఇన్ఫెక్షన్ అంటూ మాత్రలు, మీవారు దగ్గరికొస్తే నొప్పి, ఒక డాక్టరేమో వయసమ్మా అంతే అన్నారు, ఇంకో డాక్టర్ హార్మోన్ క్రీమ్ రాసిస్తే లోపలి కాగితం చదివి కేన్సర్ వస్తుందేమోనని ట్యూబు బీరువాలో పెట్టేశారు. వాడొచ్చా వద్దా అని అడుగుతున్నారు. నాకిప్పుడు 55, కాకినాడలో హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తా. డాక్టర్ని కాదు. నాకు జరిగింది, మా డాక్టరమ్మ చెప్పింది, ఆ తర్వాత నేను చదివి తెలుసుకుంది చెప్తా, కొంచెం పొడుగవుద్ది, ఏమనుకోకండి.

నాకు 50కి ఆగాయి. మొదట్లో అందరికీ ఉండేవే, ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు, ఊరికే ఏడుపు. ఏడాదిన్నరకి అవి తగ్గాయి, హమ్మయ్య గండం గడిచింది అనుకున్నా, సరిగ్గా అప్పుడే ఇది మొదలైంది. ఆ ఏడు పదో తరగతి పరీక్షలకి ఇన్విజిలేషన్ వేశారు. మూడు గంటల పైన అక్కడే ఉండాలి కదా, కూర్చుంటే చుడీదార్ కుట్టు తగిలినచోట ఉప్పు కాగితం పెట్టి రుద్దినట్టుండేది, నిలబడితే కాళ్ళు లాగేవి, బాత్రూంకి వెళ్తే మంట, వచ్చి కూర్చున్న పది నిమిషాలకి మళ్ళీ వెళ్ళాలనిపించడం. పిల్లలు కాపీ కొట్టినా పట్టించుకునే ఓపిక లేదు ఆ వారం.

మా అత్తగారు వినగానే "వేడి చేసిందే" అన్నారు. మన ఇళ్ళల్లో నడుము కింద ఏదొచ్చినా వేడే కదండీ. సబ్జా, బార్లీ నీళ్ళు, పలచటి మజ్జిగ, అన్నీ తాగా, వాటివల్ల నష్టమేం లేదు గానీ మంట తగ్గలేదు. నష్టం చేసింది నా సొంత తెలివి. పెరట్లో కలబంద మట్ట కోసి ఆ గుజ్జు రాసుకున్నా, దానిమీద పసుప్పచ్చ జిగురు కూడా ఉన్నట్టుంది, ఆ రాత్రి నిద్ర లేదు. యాంటిసెప్టిక్ లోషన్ నీళ్ళల్లో కలిపి రోజూ కడిగా, వాసన సబ్బు వాడా. పొడిబారిన చోట సబ్బు పెడితే ఏమవుద్దో మిగతా ఒంటి మీద చలికాలంలో చూస్తూనే ఉంటాం, అయినా అక్కడ మాత్రం శుభ్రం చేస్తే తగ్గుద్ది అనుకుంటాం. మీరూ ఇలాంటివి చేస్తుంటే ఇవాళే మానేయండి, మామూలు నీళ్ళు చాలు.

డాక్టర్ దగ్గరికెళ్తే ఏంటి ప్రాబ్లం అని అడిగారు. నా నోట్లోంచి వచ్చింది "యూరిన్ మంటండి". అదే మాట వస్తుంది మనకి, ఎందుకంటే మిగతాదానికి సభ్యంగా అనిపించే మాట మన దగ్గర లేదు, "కింద" అంటాం, ఆ కింద అంటే ఎక్కడో వినేవాళ్ళు ఊహించుకోవాలి. యూరిన్ మంట అన్నా కాబట్టి యాంటీబయాటిక్ రాశారు. రెండేళ్ళల్లో ఎన్ని కోర్సులు మింగానో లెక్కలేదు. కల్చర్ టెస్టు చేయించమని ఎవరూ అనలేదు, చివరికి నేనే అడిగి చేయిస్తే బ్యాక్టీరియా ఏమీ లేదని వచ్చింది. మంట మాత్రం ఉంది. అప్పుడు ఒక డాక్టరావిడ అన్నారు, "ఈ వయసులో ఇంకా ఆ గొడవలేంటమ్మా" అని. నేను ఆ గొడవ ఎత్తనే లేదు! బయటికొచ్చి ఆటోలో ఏడ్చా.

నన్ను దారిలో పెట్టింది మా తోడికోడలు. తనకి రొమ్ము కేన్సర్ వచ్చి ఆపరేషన్ అయ్యి లెట్రోజోల్ మాత్రలు వాడుతుంది, ఆ మాత్ర ఒంట్లో మిగిలిన కొద్దిపాటి ఈస్ట్రోజెన్ (ఆడవాళ్ళ హార్మోన్) కూడా లేకుండా చేస్తుంది కాబట్టి తనకి పొడిబారడం నాకంటే ఎక్కువ. కేన్సర్ వార్డులో అన్నిరోజులు తిరిగాక సిగ్గు పోయిందక్కా అంటుంది. "నోటితో చెప్పలేకపోతే చీటీ మీద రాసివ్వు" అంది. రాశా. "యోనిలో మంట, పొడి. కలిస్తే నొప్పి, ఒకసారి గీరుకుని రక్తం మరక. ముట్లాగి మూడేళ్ళు. యూరిన్ కల్చర్ నెగిటివ్." ఇంతే. కొత్త డాక్టరమ్మ చదివి తలెత్తి కూడా చూడకుండా, బల్ల మీద పడుకోండి చూస్తా అంది. రెండేళ్ళల్లో మొదటిసారి ఒకళ్ళు చూడటం.

అక్కడొకటి చేసింది, అది మాత్రం నేను ఎప్పటికీ మర్చిపోను. చిన్న పీహెచ్ పేపరు (పులుపు కొలిచే కాగితం, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) లోపలి గోడకి తాకించి తీసి నాకు చూపించింది. పాతికేళ్ళుగా పిల్లలకి నిమ్మరసంలో, సున్నపు నీళ్ళల్లో ముంచి చూపించే కాగితం అండీ. ఆకుపచ్చకి తిరిగి ఉంది, 6 దగ్గర. ముట్లు వచ్చే వయసులో అక్కడ 3.8 నుంచి 4.5 మధ్య ఉండాలట, అంటే బాగా పులుపు. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ఆ గోడ మందంగా ఉండి దాని కణాల్లో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఉంటుంది, లాక్టోబాసిల్లస్ అనే మంచి క్రిములు దాంతో బతికి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి (పెరుగులో ఉండేవాటి చుట్టాలే, అలాగని పెరుగు రాసుకోకండి, దయచేసి). ముట్లాగాక ఈస్ట్రోజెన్ పడిపోతుంది, గోడ పలచబడుతుంది, మేత లేక లాక్టోబాసిల్లస్ పోతాయి, పులుపు పోతుంది, ఆ చోటుకి వేరే క్రిములు చేరతాయి. మూత్రం వచ్చే దారి కూడా అదే హార్మోన్ మీద ఆధారపడింది కాబట్టి అక్కడా మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, నిజం ఇన్ఫెక్షన్లు కూడా. అందుకే 2014లో దీని పేరే మార్చి జెనిటో యూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్ (ముట్లాగాక యోనికీ మూత్రం దారికీ కలిపి వచ్చే ఇబ్బందులు) అన్నారు, ఒక్క యోని జబ్బు కాదు ఇది. ఆవిర్లు ఏదో ఒకరోజుకి తగ్గుతాయి, ఇది మాత్రం దానంతటది తగ్గదు, వదిలేస్తే పెరుగుతుంది. ముట్లాగిన ఆడవాళ్ళల్లో ఇంచుమించు సగం మందికి ఉంటుందట. సగం మంది! స్టాఫ్ రూంలో మేం ఆరుగురం ఆ వయసువాళ్ళం, ఒక్కళ్ళం నోరెత్తలేదు.

ఇక క్రీమ్. నాకు రాసింది ఎస్ట్రియాల్, ఈస్ట్రోజెన్‌లోనే ఒక రకం. మొదటి రెండు వారాలు రోజూ రాత్రి పడుకోబోయే ముందు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు (నేను బుధవారం, ఆదివారం పెట్టుకున్నా, గుర్తుంటుందని). ట్యూబుతో అప్లికేటర్ ఇస్తారు, దానిమీద గుర్తు దాకా నింపి లోపలికి నెట్టడమే, కానీ నాకు మొదట్లో ఆ ప్లాస్టిక్ గొట్టమే గుచ్చుకున్నట్టుండేది, అప్పుడు డాక్టరమ్మ కొంచెం వేలితో తీసుకుని ముఖద్వారం దగ్గర కూడా రాయమంది, మంట అసలు అక్కడే కదా. పొద్దున లేచేసరికి కొంచెం కారుతుంది, పాత మెత్తటి గుడ్డో పలచటి ప్యాడో పెట్టుకుంటే సరి. అప్లికేటర్ గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. కలవబోయే ముందు మాత్రం ఈ క్రీమ్ పెట్టకూడదు, మగవాళ్ళ చర్మానికి అంటుతుంది.

మీ భయం సంగతి. నేనూ ఆ మడతల కాగితం భూతద్దం పెట్టి చదివా, గుండెజబ్బు, పక్షవాతం, రొమ్ము కేన్సర్ అన్నీ ఉన్నాయి. మూడు వారాలకి కొంచెం తగ్గిందనిపించగానే ఆపేశా. నెలా పదిహేను రోజులకి మళ్ళీ మొదటికొచ్చింది, మళ్ళీ ఉప్పు కాగితం. సిగ్గుపడుతూ వెళ్తే డాక్టరమ్మ తిట్టకుండా లెక్క చెప్పింది, సైన్స్ టీచర్ని కదా అని కాబోలు. ఆ హెచ్చరికలు ఎక్కువగా అమెరికాలో 2002లో బయటపెట్టిన పెద్ద పరిశోధన నుంచి వచ్చినవి, అందులో ఇచ్చింది నోటితో మింగే హార్మోన్ మాత్రలు, ఒళ్ళంతా పాకేవి. లోపల పెట్టుకునే ఎస్ట్రడయోల్ (ఇదీ ఈస్ట్రోజెనే) మాత్ర ఒకటుంటుంది, 10 మైక్రోగ్రాములు. మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండు చొప్పున ఏడాదంతా పెట్టుకుంటే మొత్తం కలిపి 1 మిల్లీగ్రాము మీద కొద్దిగా. మింగే మాత్ర ఒక్కరోజుదే 1 మిల్లీగ్రాము ఉంటుంది. మీరే పోల్చుకోండి. ఆ కాగితాల మీద నల్ల పెట్టెలో ఉండే హెచ్చరికల్ని తీయిస్తున్నామని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2025 నవంబర్‌లో ప్రకటించింది. అంటే ఎవరైనా కొనుక్కుని రాసుకోవచ్చని కాదు. రొమ్ము కేన్సర్ వచ్చినవాళ్ళు కేన్సర్ డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు, మా తోడికోడలికి అందుకే హార్మోన్ లేని మాయిశ్చరైజర్ ఇచ్చారు, హైలురోనిక్ యాసిడ్‌ది, వారానికి రెండు మూడుసార్లు, బానే ఉందంటుంది. ఇంకోటి, ముట్లాగి ఏడాది దాటాక రక్తం చుక్క కనపడినా పొడిబారడం వల్లేలే అని మీకు మీరే తేల్చుకోకండి. నాకు ఆ మరక చూసి స్కాన్ చేయించి గర్భసంచి లోపలి పొర మందం చూశాకే క్రీమ్ రాసింది.

తగ్గడానికి టైం పడుతుంది. నాకు మూడో వారానికి మంట సగమైంది, కలయిక నొప్పి తగ్గడానికి మూడు నెలలు పట్టింది. ఆపితే మళ్ళీ వస్తుంది, బీపీ మాత్రలాగే అనుకోండి.

మీరు రెండు ముక్కల్లో రాసి వదిలేశారే, మీవారి సంగతి, అది నాకు క్రీమ్ కంటే కష్టమైంది. మా ఆయన నా గురక వంక పెట్టి హాల్లో పడుకోవడం మొదలుపెట్టారు. నేను ముట్టుకుంటే బిగుసుకుపోతున్నా కదా, కారణం ఆయనకేం తెలుసు. ఒకరోజు రాత్రి కరెంటు పోయి డాబా మీద చాప వేసుకున్నాం, చీకట్లో మొహం కనపడదు కదా, ఆ ధైర్యంతో చెప్పేశా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా మీద విసుగొచ్చిందేమో అనుకున్నానే" అన్నారు. మర్నాడు తనే మెడికల్ షాపుకి వెళ్ళారు లూబ్రికెంట్ తెస్తానని. షాపు నిండా జనం, ఈయన గొంతు తగ్గించి "జెల్ ఒకటివ్వు బాబూ" అన్నారట, వాడు పేపర్లో చుట్టి మోకాళ్ళ నొప్పుల జెల్ ఇచ్చాడు! అట్ట చదివే అలవాటు ఉండబట్టి బతికిపోయా. నేను యూరిన్ మంటండి అన్నట్టే ఆయనా జెల్ అన్నారు. రెండోసారి చీటీ రాసి పంపా.

లూబ్రికెంట్ అంటే అప్పటికప్పుడు జారుడు కోసం, మాయిశ్చరైజర్ అంటే వారమంతా తడి ఉండటం కోసం, రెండూ ఒకటి కాదు. నీళ్ళతో చేసినది, వాసన లేనిది తీసుకోండి. కొబ్బరినూనె కొంతమందికి పడుతుంది, కానీ కండోమ్ వాడేవాళ్ళు నూనె జోలికి పోకూడదు, రబ్బరు పాడవుతుంది. ఇన్నాళ్ళ నొప్పికి ఒళ్ళు ముందే బిగుసుకోవడం నేర్చుకుని ఉంటుంది, అది క్రీమ్‌తో ఒక్కరోజులో పోదు, తొందరపెట్టొద్దని ముందే చెప్పండి.

హైదరాబాద్‌లో ఒక క్లినిక్ వాళ్ళు లేజర్‌తో మూడు సిట్టింగుల్లో బాగుచేస్తామని నాకు ప్యాకేజీ చెప్పారు, నా జీతంలో సగం పైనే. ఎఫ్‌డీఏ 2018లోనే ఈ లేజర్ల ప్రచారం మీద హెచ్చరించింది, 2021లో వచ్చిన ఒక పరిశోధనలో నిజం లేజర్ పెట్టించుకున్నవాళ్ళకీ, పెట్టినట్టు నటించి ఊరికే పంపించినవాళ్ళకీ తేడా లేదని తేలింది. ఆ డబ్బుతో గాజులు కొనుక్కోండి.

మీకు షుగర్ ఉందో లేదో రాయలేదు. ఉండి డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, వాటివల్ల మూత్రంలోకి చక్కెర పోయి ఫంగస్ దురద రావచ్చు, దానికి వేరే మందు. తెల్లటి మచ్చలు, విపరీతమైన దురద ఉన్నా అది వేరే చర్మవ్యాధి కావచ్చు. అందుకే చూడకుండా రాసిచ్చే మందు వద్దు, చూడమని మీరే అడగండి.

వేడి చేసిందన్న మా అత్తగారి సంగతి చెప్పనేలేదు. 78 ఏళ్ళు, ఏడాదికి నాలుగైదుసార్లు నిజమైన ఇన్ఫెక్షన్, కల్చర్‌లో తేలేది, జ్వరం, మతి చెదిరి మాట్లాడటం. డాక్టరమ్మ ఆవిడకీ ఇదే క్రీమ్ రాసింది. 1993లో ఇజ్రాయెల్‌లో 93 మంది మీద ఇదే ఎస్ట్రియాల్ పరీక్షిస్తే, ఉత్త క్రీమ్ పెట్టుకున్నవాళ్ళకి ఏడాదికి సగటున 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది, మందు క్రీమ్ వాళ్ళకి 0.5. అత్తగారికి పోయినేడాది ఒక్కసారే వచ్చింది. నేనే పెడతా, బుధవారం, ఆదివారం, ఇద్దరికీ ఒకే రోజులు, ట్యూబులు వేరు. ఆవిడ మాత్రం సబ్జా వల్లే తగ్గిందంటున్నారు.

బీరువాలో పెట్టిన ట్యూబు మీద డేటు చూడండి. దాటిపోయి ఉంటే పారేసి, ఆ రాసిచ్చిన డాక్టర్ దగ్గరికే చీటీతో వెళ్ళండి.