చిత్రకారుడి గీతతో నగ చేయిస్తే అది ఎవరి సృష్టి?

విశాఖపట్నం కురుపాం మార్కెట్‌లోని కంసాలికి ఆధునిక చిత్రకారుడి గీతను ఇచ్చి చేయించిన నగ ఎవరి సృష్టి అవుతుందని అడిగారు. నా దృష్టిలో అది ఇద్దరిదీ. ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా హ్యూగో అనే కంసాలి 1950లలో పికాసోతో, మిలాన్‌లో జ్యాన్‌కార్లో మోంటెబెల్లో అనే నగల తయారీదారు 1967 నుంచి మాన్ రే, లూచియో ఫోంటానా వంటి కళాకారులతో కలిసి ఇలాగే పనిచేశారు. కాగితం మీది బొమ్మకు బరువూ మందమూ ఉండవు కనుక, టంకం ఎక్కడ పడాలో, చెవి ఎంత బరువు మోయగలదో తేల్చవలసినది కంసాలే. 22 కేరట్ల బంగారం మెత్తన కాబట్టి సన్నని గీతలు త్వరగా వంగుతాయి. మన పెళ్లిళ్లలో గిరాకీ తక్కువే అయినా, అటువంటి డిజైనుకు 18 కేరట్లు నయం. మైనపు నమూనాను చిత్రకారుడు ఒప్పుకున్నాకే పోత పోయించి, ఎన్ని ప్రతులు చేయవచ్చో ముందే రాసుకోవాలి.