మట్టి ఎటు పోయిందో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

పనామా కాలువ మీద నువ్వు రాసిన అధ్యాయం చదివాను. మొదట తవ్వబోయిన ఫ్రెంచి కంపెనీ పెద్ద లెసెప్స్ ఉన్నాడు, తర్వాత ఆ పని చేపట్టిన అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఉన్నాడు. మట్టే లేదు.

ఆ కథలో తవ్వడం కంటే తరలించడమే కష్టం. ఆవిరి పార, అంటే ఆవిరితో నడిచే తవ్వకం యంత్రం, ఎంత పెద్దదైనా, పక్కన ఖాళీ వ్యాగను లేకపోతే పని ఆగిపోతుంది. 1905లో చీఫ్ ఇంజనీరుగా వచ్చిన స్టీవెన్స్ రైల్వే మనిషి. వచ్చీ రాగానే తవ్వకం ఆపించి పట్టాలు, ఇళ్లు, మంచినీళ్లు, మురుగు కాలవల పని పట్టాడు. మట్టి రైలు చివర ఉన్న నాగలిని ఉక్కు తాడుతో ఈ కొస నుంచి ఆ కొసకు లాగితే, ఇరవై వ్యాగన్లు పది నిమిషాల్లో ఖాళీ అయ్యేవి. నీ అధ్యాయంలో ఆ నాగలికి ఒక పేరా ఇవ్వు.

సముద్రమట్టానికే తవ్వాలన్న ఫ్రెంచి పట్టుదల ఎందుకు చెడిందో చెప్పేటప్పుడు కాలువ దారికి అడ్డంగా పారే చాగ్రెస్ నదిని మరిచిపోకు. వరదొస్తే ఆ నీళ్లన్నీ కాలువలోకే. అమెరికన్లు 1906లో లాకులకు, అంటే ఓడలను మెట్లుమెట్లుగా ఎత్తి దించే నీటి గదులకు, ఒప్పుకుని, గటూన్ దగ్గర ఆ నదికే ఆనకట్ట వేసి, సముద్రానికి 26 మీటర్ల ఎత్తున చెరువు చేశారు. లాకులు నింపడానికి పంపులు లేవు. చెరువు నీరే పల్లానికి పారుతుంది.

దోమల దగ్గర జాగ్రత్త. డాక్టర్ రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లో కనిపెట్టింది మలేరియా దోమ సంగతి. ఎల్లో ఫీవర్ దోమ వేరు, దాని గుట్టు తేలింది క్యూబాలో. రెండూ కలిపేస్తే తెలిసినవాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు. ఫ్రెంచివాళ్లు చీమలు ఎక్కకుండా ఆసుపత్రి మంచం కోళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టి, రోగుల పక్కనే దోమలు పెంచారు. అమెరికన్ల కాలంలో అక్కడ ఆరోగ్యం పని చూసిన డాక్టర్ గోర్గస్ నీళ్ల పీపాలకు మూతలు పెట్టించాడు, గుంటల్లో నూనె పోయించాడు. ఎల్లో ఫీవర్ 1905 చివరికి పోయింది. మలేరియా తగ్గిందే గానీ పోలేదు.

మరణాలు: అమెరికన్ల లెక్క 5,609. ఫ్రెంచి కాలానికి చెప్పే 22,000 అంచనా మాత్రమే, ఆసుపత్రికి రాకుండా పోయినవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు. రెండింటినీ ఒకే వాక్యంలో, ఒకే ధీమాతో రాయకు. చనిపోయినవాళ్లలో చాలామంది బార్బడోస్ లాంటి కరీబియన్ దీవుల కూలీలని కూడా చెప్పు.

ఇక కులెబ్రా కోత, అంటే కాలువ కోసం కొండను చీల్చిన చోటు. వానకు నానిన బంకమట్టి పొరల మీద కొండ జారేది. గట్ల బరువుకు కోత అడుగు కూడా పైకి ఉబ్బేది. అడుగున తవ్వినకొద్దీ పైనుంచి మళ్లీ దిగేది. అందుకే పైభాగం చెక్కి బరువు తగ్గిస్తూ, వాలు పల్చన చేస్తూ పోయారు. నువ్వు 1914 ఆగస్టు 15 ప్రారంభోత్సవంతో ముగించావు. 1915 సెప్టెంబరులో మళ్లీ జారిన మట్టి 1916 ఏప్రిల్ దాకా కాలువను మూసేసింది, అక్కడిదాకా రాయి.